ఐసీ సెట్లొచ్చిన కొత్తలో మిద్దె మీది పైపు

ఈ పనిలోకి వస్తానని ఏ కుర్రవాడు నా దగ్గరికొచ్చినా మొదట అడిగేది మీటరు సంగతే. ఏ కంపెనీది మంచిది, ఎక్కడ దొరుకుతుంది అని. మీటరు ఎప్పుడైనా కొనుక్కోవచ్చు నాయనా, ముందు కాస్త భయపడటం నేర్చుకో అంటాను. ముసలాడికి చాదస్తం ముదిరిందని నవ్వుకుంటారు. నవ్వుకోనీ. నరసరావుపేటలో ఒక ఇరుకు కొట్లో కూర్చుని వయసంతా రేడియోలు, టేప్‌రికార్డర్లు, టీవీలు విప్పినవాణ్ణి నేను. ఎన్ని బాగుచేశానో రాస్తే ఎవరికీ ఉపయోగం లేదు. దేన్ని చూసి భయపడ్డానో రాస్తే ఒకరికైనా ఉపయోగపడుతుంది.

భయమంటే కరెంటు భయం ఒక్కటే కాదు. కరెంటుతో చనువు త్వరగానే వస్తుంది, అదే దానితో వచ్చిన చిక్కు. నేను చెప్పేది వేరే భయం. చేతిలో ఉన్న వస్తువు లోపల ఏం జరుగుతోందో తెలియకుండానే దాన్ని విప్పి, కలిపి, ‘అయిపోయిందండీ’ అని ఇంటివాళ్ళకు అప్పజెప్పి వచ్చాక, దారిలో మొదలయ్యే భయం. ఎనభైలలో అది మాకు రోజూ ఉండేది.

కనపడని రోగం

నేను పనిలో చేరేనాటికి కొట్లో ఇంకా వాల్వు రేడియోలు ఉండేవి. వాల్వు లోపల ఎర్రగా వెలుగుతుంటే బతికి ఉన్నట్టు, లేకపోతే పోయినట్టు. కంటితో చూసి చెప్పొచ్చు. తర్వాత ట్రాన్సిస్టర్లు వచ్చాయి. దానికి మూడే కాళ్ళు. మీటరు పెట్టి కాలుకీ కాలుకీ మధ్య కొలిస్తే సంగతి తెలిసిపోయేది. అంతవరకు మా పని మా చేతిలోనే ఉందనుకునేవాళ్ళం.

ఎనభైలలో మా బల్ల మీదికి ఐసీలు వచ్చాయి. ఇప్పుడు మీరంతా చిప్పు అంటున్నది అదే. గోరంత నల్లముక్క, రెండు పక్కలా వరసగా కాళ్ళు. పాత రేడియోలో బల్లంతా పరుచుకునే సామాను ఆ ముక్కలో ఇమిడి ఉంటుందని చెప్పేవారు. ఎలా ఇమిడిందో చెప్పేవాడు మాత్రం మాకు దొరకలేదు. దాన్ని విప్పడానికి లేదు. పగలగొట్టి చూస్తే లోపల ఇసుకరేణువంత మెరుపు తప్ప ఏమీ కనపడదు. నేను పగలగొట్టి చూశాను కాబట్టి చెబుతున్నాను.

మొదటి దెబ్బ ఒక చేతిగడియారం దగ్గర తగిలింది. మాచర్ల వైపు నాపరాళ్ళ క్వారీలో మేస్త్రీ ఒకాయన, ముళ్ళు లేకుండా అంకెలు మాత్రమే కనపడే గడియారం తెచ్చాడు. అంకెలు కాస్త మసకగా ఉన్నాయని ఆయన బాధ. నాకు పని నేర్పుతున్న మా మాస్టారు దాన్ని విప్పి, లోపలి దుమ్మును తన టెరిలిన్ చొక్కా అంచుతో ఒకటికి రెండుసార్లు బాగా తుడిచారు. తర్వాత లోపలి ఐసీ కాలికి, సీసం కరిగించి అతికే ఐరన్ తాకించారు. అంకెలు మొత్తం పోయాయి.

మేస్త్రీ గడియారం అటూ ఇటూ తిప్పి చూశాడు.

“చచ్చిందా?”

“ఐసీ పోయిందయ్యా,” అన్నారు మాస్టారు.

“ఎట్టా పోయింది? కింద పడలా, దెబ్బ తగల్లా, కాలిన వాసన కూడా రాలా. నా ఎదురుగానే గదా మీరు తుడిచింది?”

చాలాకాలం తర్వాత మాకు తెలిసింది, ఆ చొక్కా రాపిడికి పుట్టే కాస్తంత కరెంటు చాలు, ఆ రకం ఐసీ చచ్చిపోవడానికి. చలికాలంలో చొక్కా విప్పుతుంటే చిటచిటమంటుందే, అంత కరెంటు. మేం వాడే ఐరన్ లోంచి కూడా మనకు తెలియకుండా కాస్త కరెంటు మొనకు వస్తుంటుంది. అప్పటినుంచి ఐరన్ వేడెక్కాక ప్లగ్గు పీకేసి, అది చల్లారేలోపు అంటించడం అలవాటు చేసుకున్నాను. కానీ ఆ రోజు నాకు కలిగింది తెలివి కాదు, వణుకు. తుడిచినందుకే చచ్చే వస్తువుతో ఇక బతకాలన్నమాట అనుకున్నాను.

మాస్టారు

మా మాస్టారి పేరు పాండురంగారావు గారు. కొట్టు ఆయనది. పని ఆయన దగ్గరే నేర్చుకున్నాను, ఆయన దగ్గరే పాతికేళ్ళ వయసు దాటాను. చెవి పెట్టి విని రోగం చెప్పగలిగిన మనిషి. రేడియో గరగరను బట్టి ఏ కండెన్సర్ పోయిందో చూడకుండా చెప్పేవారు. మనిషి మంచివాడే. నోరు కాస్త దురుసు, అంతే.

ఐసీలు వచ్చాక ఆయన చెవి పనిచేయడం మానేసింది. ఆ సంగతి ఆయనకు తెలుసు, నాకూ తెలుసు. కొట్టుకు వచ్చినవాళ్ళకు తెలియకూడదు. అందుకని ఏది బాగుకాకపోయినా ‘ఐసీ పోయింది’ అనేవారు. ఆయనేమిటి, ఆ రోజుల్లో జిల్లాలో మెకానిక్కులందరం అదే మాట అన్నాం. అంతుపట్టని నేరమంతా తీసుకెళ్ళి ఆ నల్లముక్క నెత్తిన రుద్దాం. నిజానికి పోయింది ఐసీ కాదు, మా ధైర్యం. కంపెనీకి రాసి సర్క్యూట్ కాగితం తెప్పిద్దామని నేనంటే మాస్టారికి కోపం వచ్చేది.

“కాగితం చూసి వైద్యం చేసేవాడు మెకానిక్కంట్రా? రేపు పెళ్ళాన్ని కూడా కాగితం చూసే గుర్తుపడతావా ఏంది?” అని అందరిలో నవ్వించేవారు. నేనూ నవ్వేవాణ్ణి. అలా నవ్వకూడదని ఇప్పుడు చెబుతున్నాను. తెలియని చోట తెలియదని చెప్పడం మా పనిలో సిగ్గుపడాల్సిన సంగతి కాదు, ప్రాణాలు కాపాడే సంగతి.

పెట్టె తేలికైంది

అప్పటి టీవీల గురించి మీకు కొంచెం చెప్పాలి, లేకపోతే అసలు కథ అర్థం కాదు. పాత టీవీ లోపల ఇటుకంత ట్రాన్స్‌ఫార్మర్ ఉండేది. గోడలోంచి వచ్చే కరెంటుకూ సెట్టు లోపలి ఇనపచట్రానికీ మధ్య అది గోడలా నిలబడేది. ఆ చట్రాన్ని మేం చాసిస్ అంటాం. గోడ ఉంది కాబట్టి చాసిస్‌ను పట్టుకుని పనిచేసినా ఏమీ అయ్యేది కాదు. మా చేతులకు అదే అలవాటు.

ఐసీల సెట్లు రాగానే ఆ బరువు పోయింది. కొన్ని కంపెనీలు ట్రాన్స్‌ఫార్మర్ తీసేసి, గోడలోంచి వచ్చే రెండు తీగల్లో ఒకదాన్ని నేరుగా చాసిస్‌కే కలిపేశాయి. ఒంటిచేత్తో ఎత్తొచ్చని మేం సంబరపడ్డాం. బరువుతో పాటు గోడ కూడా పోయిందని మాకెవరూ చెప్పలేదు. ఎక్కడో చిన్న అక్షరాల్లో రాసే ఉంటారు. చదివినవాడెవడు?

ఆ సెట్లలో, యాంటెనా వైరు లోపలికి వెళ్ళే చోట అగ్గిపెట్టెంత డబ్బీ ఒకటి ఉండేది. పల్నాడులో సిగ్నల్ అంతంతమాత్రం. విజయవాడ వైపు తిప్పి ఎంత ఎత్తున పైపు లేపినా బొమ్మలో చుక్కలు పోయేవి కావు. దానికితోడు ఎండాకాలం చివర ఉరుములూ మెరుపులూ మొదలైతే ఆ డబ్బీ లోపలి సామాను కాలిపోయేది. కొత్త డబ్బీ కావాలంటే మద్రాసు నుంచి రావాలి. అందుకని మా మెకానిక్కులు ఒక కిటుకు కనిపెట్టారు. డబ్బీని పక్కనపెట్టి, యాంటెనా వైరును నేరుగా లోపలికి తెచ్చి, దాని రెండు తీగల్లో ఒకదాన్ని చాసిస్‌కు అతికేయడం. అతకగానే బొమ్మ వచ్చేది. ఇంటివాళ్ళు ఆ చేతికి దణ్ణం పెట్టేవాళ్ళు.

మాస్టారు ఆ కిటుకు వేసిన ఇళ్ళలో వీరాస్వామి గారి ఇల్లు ఒకటి. గురజాల దాటాక రోడ్డు మీద దిగి లోపలికి నడవాల్సిన ఊరు అది. ఊరి పేరు రాయను. వీరాస్వామి గారంటే ఆ చుట్టుపక్కల పార్టీ గొడవల్లో పేరు మోసిన మనిషి. ఆయన వీధిలో నడిస్తే వెనక నలుగురు నడిచేవాళ్ళు, ఎదురుగా వచ్చేవాళ్ళు పక్కసందులోకి తిరిగేవాళ్ళు. మేం వెళ్ళినప్పుడు మాతో మర్యాదగానే మాట్లాడారు. మాస్టారు సెట్టు ముందు కూర్చుని ఆ వైరు అతికారు, బొమ్మ తళతళలాడింది, భోజనం పెట్టి పంపారు. వాళ్ళ మిద్దె మీద యాంటెనా పైపును పాత రాతి రోట్లో నిలబెట్టారు. పట్టుకుని తిప్పడానికి బాగా వీలుగా ఉందని మెచ్చుకుని కూడా వచ్చాం.

ఆదివారం పొద్దున

ఆ తర్వాత కొద్దివారాలకు ఒక ఆదివారం. తెల్లవారినప్పటినుంచి ముసురు. కొట్టు పైకప్పు కారి నేలంతా తడి. వీరాస్వామి గారి ఇంట్లో ఉన్న రకమే మరొక టీవీ కొట్టుకు వచ్చింది. చెప్పులు బయట విడిచి, సెట్టు ఆన్ చేసి, వెనక మూత తీసి, ఎప్పటిలాగే చాసిస్ మీద చెయ్యి వేశాను.

తేరుకునేసరికి గోడకు ఆనుకుని కింద కూర్చుని ఉన్నాను. చెయ్యి భుజం దాకా నాది కాదన్నట్టుంది. మాస్టారు పరుగున వచ్చి ప్లగ్గు పీకారు.

“ఎక్కడో వైరు తగులుతుందిరా లోపల,” అన్నారు.

ఇద్దరం కలిసి సెట్టంతా వెతికాం. ఏ వైరూ ఎక్కడా తగలడంలేదు. ప్లగ్గు పెట్టి, లైటు వెలిగే టెస్టరును చాసిస్‌కు ఆనిస్తే భగ్గున వెలిగింది. ప్లగ్గు తీసి, తిరగేసి పెడితే ఆరిపోయింది. మళ్ళీ తిరగేస్తే మళ్ళీ వెలిగింది. రెండుకాళ్ళ ప్లగ్గు కదా, ఎటు పెట్టినా దూరుతుంది. ఒకవైపు పెడితే చాసిస్ చల్లగా ఉంటుంది, ఇంకోవైపు పెడితే గోడలోని కరెంటంతా దాని మీదే ఉంటుంది. రోగం కాదు, కంపెనీవాడు చేసిందే అలా.

అప్పుడు ఆ అగ్గిపెట్టెంత డబ్బీ ఎందుకుందో నాకు తెలిసింది. అది బొమ్మ కోసం పెట్టింది కాదు. చాసిస్ మీది కరెంటు యాంటెనా వైరులోకి, వైరులోంచి మిద్దె మీది పైపులోకి పోకుండా ఆపడానికి పెట్టింది. దాన్ని పక్కనపెట్టి మేం దారి తెరిచాం.

“మాస్టారూ, వీరాస్వామి గారిల్లు,” అన్నాను.

ఆయన చేతిలోని టెస్టరును బల్ల మీద పెట్టేశారు. ఆయనకు నాకంటే ముందే తట్టినట్టుంది. మేం వెళ్ళిన రోజు ప్లగ్గు మంచివైపే ఉండి ఉంటుంది. కానీ మా పల్నాడులో ఉరిమితే చాలు, ఎవరింట్లోనైనా మొదట చేసే పని టీవీ ప్లగ్గు పీకడం. పీకినవాళ్ళు మళ్ళీ పెడతారు. ఎటువైపు పెట్టారో ఎవరు చూస్తారు? పైగా ఆదివారం. సాయంత్రం సినిమా. ఊరంతా ఆ ఇంటి వాకిట్లోనే. బొమ్మలో చుక్కలు రాగానే ఒకరు మిద్దె ఎక్కి, తడిసిన మిద్దె మీద ఉత్తకాళ్ళతో నిలబడి, రెండు చేతులా ఆ పైపును పట్టుకుని తిప్పుతారు.

“మీరు రండి మాస్టారూ, ఇద్దరం పోదాం.”

“నా కాళ్ళు ఆడట్లేదురా,” అన్నారు. ఆ మాట ఆయన నోట వినడం అదే మొదలు. “నువ్వు పో. ఏదో కండెన్సర్ మార్చాలని చెప్పు. అసలు సంగతి చెప్పమాక. చెప్పావంటే నన్ను బతకనియ్యరు. వాళ్ళ సంగతి నీకు తెలవదు.”

నాకు ఆయన మీద కోపం రాలేదు. పైపు ఎంత నిజమో ఆ మనుషులూ అంతే నిజం. తర్వాతి రోజుల్లో ఆయన తనంతట తానే ఊరూరూ తిరిగి, తను అతికిన ప్రతి వైరూ ఊడదీసి వచ్చారు, కొన్ని ఇళ్ళలో తిట్లు తిన్నారు. అదీ ఆయనే, ఇదీ ఆయనే. ఆయన్ను పిరికివాడని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను.

బస్సులో

ఆ ఊళ్ళో ఫోను ఉన్నది ఒక్క పోస్టాఫీసులోనే. ఆదివారం దానికి తాళం. పాత సెట్లోంచి ఊడదీసిన మంచి డబ్బీ ఒకటి, ఐరన్, టెస్టరు సంచిలో వేసుకుని, ముసురుకు ఆలస్యమైన బస్సును మధ్యాహ్నం దాటాక ఎక్కాను. పిడుగురాళ్ళ దాకా వాన బస్సుతో పాటే వచ్చింది.

ఆ ప్రయాణంలో నేను అనుభవించింది మీకెవరికీ రాకూడదు. పక్కన కూర్చున్న ముసలాయన ఎవరో మిరపనారు గురించి చెబుతున్నాడు. ఊ కొడుతున్నాను. నా బుర్రలో మాత్రం ఒక్కటే బొమ్మ, రోట్లో నిలబడిన పైపు. రోలు కదా, వానకు నిండి ఉంటుంది. ఎవరు ఎక్కుతారు పైకి? పాలేరా? పిల్లలా? ఇప్పటికే ఎక్కారా? ఎదురుగా వచ్చే ప్రతి బస్సునూ ఆపి, ఆ ఊళ్ళో ఏమైనా జరిగిందా అని అడగాలనిపించింది. అడిగితే నిజంగానే జరిగిందంటారేమోనని అడగలేదు. సగం దారిలో దిగిపోయి వెనక్కి వెళ్ళిపోదామని కూడా అనిపించింది. నేను వెళ్ళేసరికి వాకిట్లో ఏడుపులు వినపడితే, ఆ వైరు అతికింది మా కొట్టువాళ్ళేనని ఎవరో ఒకరు నన్ను గుర్తుపడితే, నేను మళ్ళీ ఇంటికి రాను. ఆ సంగతి బాగా తెలుసు.

రోడ్డు మీద దిగి నల్లమట్టి బాటలో నడిచాను. చెప్పులు బురదలో దిగబడి ఒకటి తెగింది. రెండోది నేనే విసిరేశాను. ఊరు దగ్గరపడుతుంటే మనుషుల గోల వినపడింది. ఆగి చెవి పెట్టి విన్నాను. ఏడుపు కాదు, సినిమా పాట. పరుగెత్తాను.

పైపు

వీరాస్వామి గారి వాకిలి నిండా జనం. ఇంటి ముందరి సావట్లో బల్ల మీద టీవీ. బొమ్మ వస్తోంది, పోతోంది. వీరాస్వామి గారు కుర్చీలో, ఆయన భార్య రాఘవమ్మ గారు అరుగు మీద. వాకిట్లో మగవాళ్ళు మిద్దె వైపు మెడలెత్తి అరుస్తున్నారు.

“ఇంకాస్త! ఇంకాస్త తిప్పు! ఆఁ, వచ్చింది! పోయింది, పోయింది, వెనక్కి!”

పైనుంచి జవాబు లేదు. బొమ్మ పోయి చుక్కలే మిగిలాయి.

జనాన్ని తొక్కుకుంటూ లోపలికి పోయి ప్లగ్గు పీకాను.

అంత గోలా ఒక్కసారిగా ఆగింది. వీరాస్వామి గారు లేచారు, వానకు తడిసి బురద కొట్టుకున్న నన్ను గుర్తుపట్టలేదు. ఆయన వెనకే ఇద్దరు.

“ఎవడ్రా నువ్వు?”

“నరసరావుపేట నుంచండీ, టీవీ మెకానిక్‌ని. పైన ఎవరున్నారు?”

“మా కోడలు. ఏందయ్యా నీ...”

ఆయన మాట పూర్తికాకుండానే నేను మెట్లెక్కుతున్నాను. అంతకంటే పెద్ద అమర్యాద ఆ ఇంట్లో ఎవరూ చేసి ఉండరు.

కోడలు నాగమణి పిట్టగోడ వారన కూర్చుని ఉంది. ఇరవై ఏళ్ళుంటాయేమో. కొంగు తడిసి ముద్దయింది. కుడిచేతిని ఒళ్ళో పెట్టుకుని ఎడమచేత్తో గట్టిగా పట్టుకుంది. కళ్ళు తెరిచే ఉన్నాయి. పైపు ఆమెను విసిరేసింది, లాగి పట్టుకోలేదు. ఆ ఒక్క తేడాతో బతికింది. ఆమె నన్ను చూసి, నేనెవరో కూడా అడగకుండా అంది.

“నాటకం కాదన్నా. నాలుగు రోజులాయె, పైపు పట్టుకుంటే జిల్లుమంటందని చెబుతున్నా. పైకెక్కడానికి ఒళ్ళు బరువై సాకులు చెబుతున్నానంది మా అత్త. నువ్వన్నా చెప్పన్నా వాళ్ళకి.”

నా వెనకే మెట్లెక్కి వచ్చినవాళ్ళతో కలిసి ఆమెను నెమ్మదిగా కిందికి దించాం. వీరాస్వామి గారి ఎదుట నిలబడి, దారంతా కట్టుకుంటూ వచ్చిన కండెన్సర్ అబద్ధం చెబుదామని నోరు తెరిచాను. ఆ పిల్ల కుడిచేతిని ఇంకా ఎడమచేత్తో పట్టుకునే ఉంది. అబద్ధం నోట్లోంచి రాలేదు.

“యాంటెనా పైపులో కరెంటు ఉందండీ,” అన్నాను.

“ఇనప పైపులో కరెంటేందిరా? దానికి వైరు ఎవరిచ్చారు?” అన్నాడు వెనక నుంచి ఒకాయన.

ప్లగ్గు ఎలా ఉందో అలాగే పెట్టమని, టెస్టరు మొనను యాంటెనా వైరుకు ఆనించాను. వెలిగింది. ముందు వరసలో కూర్చున్న ఆడవాళ్ళు పిల్లల్ని లాక్కుని వెనక్కి జరిగారు. వీరాస్వామి గారు ఆ చిన్న వెలుగును చాలాసేపు చూశారు.

“ఎవరు కలిపారు దీన్ని?”

“మా మాస్టారండీ. నేనూ పక్కనే ఉన్నా. పాత సెట్లకు ఇట్లాగే కలిపేవాళ్ళం, ఏమీ అయ్యేది కాదు. ఈ ఐసీ సెట్లలో లోపల ఎట్లా చేశారో మాకు తెలియదు.”

“తెలవకుండానే చెయ్యి పెట్టారా?”

“అవునండీ.”

వీరాస్వామి గారి వెనక ఉన్నవాడు ఒక అడుగు ముందుకు వేశాడు. ఆయన చేత్తోనే ఆగమన్నారు.

“బాగు చెయ్యి,” అన్నారు.

ప్లగ్గు పీకి, మాస్టారు అతికిన వైరును ఊడదీసి, నేను తెచ్చిన డబ్బీని పెట్టి అతికాను. వాకిలంతా నా వేళ్ళనే చూస్తోంది. మళ్ళీ ప్లగ్గు పెట్టించి, టెస్టరు ఆనించాను. వెలగలేదు. ప్లగ్గు తిరగేసి పెట్టించాను. అప్పుడూ వెలగలేదు.

“అయిపోయిందండీ,” అన్నాను.

“పోయినసారీ మీ మాస్టారు అదే మాటన్నాడు,” అన్నారు వీరాస్వామి గారు. “పోయి పట్టుకో.”

టీవీ ఆన్‌లో ఉంది. నా కాళ్ళకు చెప్పులు లేవు. ఒక్కొక్క మెట్టూ ఎక్కుతుంటే, నేను పెట్టిన డబ్బీ మంచిదేనా, లోపల ఒక్క కండెన్సర్ పగిలి ఉంటే, అతుకు సరిగ్గా పడిందా అని పురుగు తొలిచింది. టెస్టరు వెలగలేదు, నిజమే. కానీ ఆ సెట్టు లోపల ఏముందో నాకు తెలుసా? పొద్దున దాకా చాసిస్ కూడా తెలుసనే అనుకున్నాను. రోట్లో వాన నీళ్ళు అంచు దాకా ఉన్నాయి. తడి మిద్దె మీద నిలబడి, ముందు అరచెయ్యి కాకుండా చేతి వెనకభాగం తాకించాను. కరెంటుంటే వేళ్ళు బిగుసుకుంటాయి, వెనకభాగమైతే విడిపిస్తుంది. మా పనిలో ఇది గుర్తుపెట్టుకోండి, ఇంకేమీ గుర్తుపెట్టుకోకపోయినా సరే.

చల్లటి ఇనుము, అంతే. అప్పుడు రెండు చేతులతో పట్టుకుని, ఏడుస్తూ నిలబడ్డాను. కిందినుంచి ఎవరికీ కనపడలేదు.

నేను దిగేసరికి సినిమా మళ్ళీ మొదలైంది. బొమ్మ సరిగ్గా లేదు. పాట వినపడుతోంది, మనుషులు చుక్కల వెనక కదులుతున్నారు.

“ఒరేయ్, ఎవడన్నా పోయి కాస్త తిప్పండ్రా,” అన్నారు వీరాస్వామి గారు.

నేను పట్టుకుని దిగివచ్చిన పైపే అది. అందరూ చూశారు. అయినా ఆ వాకిట్లో ఒక్కడూ లేవలేదు. ఆయన వెనక నడిచేవాళ్ళు, చీకట్లో ఎవరి మీదికైనా పోయే మనుషులు, నేల చూస్తూ కూర్చున్నారు. ఆయన కూడా రెండోసారి అడగలేదు.

నాగమణి లేచింది. అలవాటు ప్రకారం కొంగు బిగించి మెట్ల వైపు తిరిగింది. రాఘవమ్మ గారు చెయ్యి చాచి, కోడలి ఎడమచేతిని పట్టుకుని ఆపారు. తన పక్కన అరుగు మీద కాస్త జరిగి చోటిచ్చారు.

“నువ్వు కూర్చో,” అన్నారు.

ఆ ఇంటికి టీవీ వచ్చిన తర్వాత నాగమణి కూర్చుని సినిమా చూడటం అదే మొదటిసారి.